కొండ కత్తిరించిన ఫోటో

ఆర్డిస్ క్వాలెకి ఐసు మీద నమ్మకం లేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దాని మీదే బతికిన మనిషి కాబట్టే లేదు. అమెరికాలో, మినసోటా రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న మా బెంట్ పైన్ సరస్సు గడ్డకట్టిందని తెలియగానే ఊరంతా గాలాలు దులుపుకుంటుంది. ఆవిడ మాత్రం ఇనప గునపం భుజాన వేసుకుని ఒడ్డున నిలబడి, మాట తప్పిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూస్తుంది. ఆ తరువాత దిగుతుంది. ఒక పోటు, ఒక అడుగు. గునపం దిగబడిందా, వెనక్కి రావాలి. దిగలేదా, ఇంకో పోటు, ఇంకో అడుగు. వాళ్ళ నాన్న అలా నేర్పాడు. అరవై దగ్గర పడుతున్నా ఆవిడది ఇప్పటికీ అదే పద్ధతి.

ఆవిడ వ్యాపారమంతా ఆ ఐసు మీదే. చలికాలంలో చెక్క గుడిసెలు సరస్సు మీదికి లాగించి అద్దెకిస్తుంది. గుడిసెలో ఒక పొయ్యి, రెండు బెంచీలు, నేలకి కన్నాలు. కింద ఐసుకి కూడా కన్నం కొట్టి ఉంటుంది కాబట్టి వెచ్చగా కూర్చుని గాలం వేసుకోవచ్చు. జనం అక్కడికి ఎలా రావాలో చెప్పేది రేవు దగ్గర ఆవిడ వేలాడదీసే బోర్డు. ఐసు కొత్తగా ఉన్నప్పుడు దాని మీద 'నడిచి రండి' అని ఉంటుంది. జనవరిలో ఎప్పుడో, గునపం పోటుకి ఐసు గట్టిగా పలికిన తరువాత, 'బండ్లు రావచ్చు' అని మారుతుంది. జిల్లా పోలీసు అధికారి షెరీఫ్ మాట వినని మొండిఘటాలు కూడా ఆ బోర్డుకి ఎదురు చెప్పరు.

బోర్డు ఆర్డిస్‌ది, నోరు వెర్లిన్‌ది. ఆవిడ మొగుడు వెర్లిన్ ఆకులు రాలే కాలం రాగానే ఫోన్ ముందు కూర్చుని పాత గిరాకీలందరినీ పేరుపేరునా పలకరించేవాడు. "ఏరా, ఇంకా బతికే ఉన్నావా? అయితే నీ గుడిసె నీకే" అనేవాడు. రెండేళ్ళ కిందట వసంతంలో పడవకి రంగు వేస్తూ వేస్తూ గుండె ఆగి పోయాడు. ఆ తరువాత ఫోన్లు చేసే మనిషి లేడు. పాత గిరాకీలు ముసలివాళ్ళయ్యారు, కొత్తవాళ్ళకి అసలు ఈ చోటు ఉందనే తెలియదు. కిందటి చలికాలం సగం గుడిసెలు ఒడ్డు దాటకుండా అలాగే మంచులో పూడుకుపోయాయి. ఇంకొక్క చలికాలం అలా గడిస్తే ఇల్లూ రేవూ అమ్ముకుని డులూత్ నగరంలో ఏ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోనో కూర్చోవాలి. సరస్సు కనిపించని కిటికీ ముందు కాఫీ తాగడం ఆవిడ ఊహకే అందలేదు.

"అక్కా, ఓ వెబ్‌సైట్ పెట్టు" అన్నాడు తమ్ముడు డెల్మర్. పక్కనే ఎరల దుకాణం నడుపుతాడు. ఒళ్ళు భారీ, నోరు అంతకంటే భారీ. "నా వానపాములకి ఉన్నంత పేరు కూడా నీ గుడిసెలకి లేదు."

"నాకేం తెలుసురా ఆ గోల?"

"కార్లిస్‌ని అడుగు. లైబ్రరీలో కూర్చుని వచ్చినవాళ్ళందరి మీదా కస్సుమనే బదులు ఆవిడకీ ఓ పని దొరుకుతుంది."

కార్లిస్ కస్సుమంది గానీ పని మాత్రం శ్రద్ధగా చేసింది. గుడిసెల వివరాలు, వచ్చే దారి, ఫోన్ నంబరు, అన్నీ తీరుగా పెట్టింది. చివరికి ఫోటోల దగ్గర ఆగింది. "ఫోటో లేని సైట్‌ని ఎవరూ చూడరు. మీ దగ్గరున్నవి తీసుకురండి" అంది.

"నా దగ్గర ఏమీ లేవు" అంది ఆర్డిస్.

పచ్చి అబద్ధం. వంటింట్లో పొయ్యి పక్క సొరుగు నిండా ఫోటోలే. కానీ చలికాలపు ఫోటో ఏది తీసినా అందులో వెర్లిన్ ఉంటాడు. చేప పట్టుకునో, గుడిసె లాగుతూనో, ముక్కు ఎర్రగా చేసుకుని నవ్వుతూనో. ఆయన పోయాక ఆ సొరుగు తెరవలేదు. తెరిచి, ఆ మొహాన్ని దారినపోయే ప్రతివాడికీ చూపించి గిరాకీ పిలవడం తన వల్ల కాదనుకుంది. బెమిజీ టౌన్లో ఒక ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చేస్తే వాడు చెప్పిన రేటు విని మారు మాట్లాడకుండా పెట్టేసింది.

"పోనీ, ఊరికే దొరికేవి వెతుకుదాం" అంది కార్లిస్. "నెట్లో కనపడిందల్లా మాత్రం లాక్కోకూడదు. ప్రతిదీ ఎవరో ఒకరిదై ఉంటుంది. తీసినవాళ్ళే 'వాడుకోండి' అని పెట్టే చోట్లు వేరే ఉన్నాయి. కింద షరతులు చదివి తీసుకుంటే తప్పులేదు. అక్కడ కుదరకపోతే కాఫీ ఖర్చుకి దొరికేవీ ఉన్నాయి."

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. మొదటి ఫోటోలో గెడ్డం నున్నగా దువ్వుకున్న మోడల్ ఒకడు, చేతికి తొడుగులు లేకుండా చేపని ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. "వీడి వేళ్ళు ఈపాటికి రాలిపోయి ఉండాలే" అంది ఆర్డిస్. తరువాతది పల్చటి స్వెట్టర్ వేసుకున్న అమ్మాయి. "దీనికి తల్లీ తండ్రీ లేరా?" ఆ తరువాత తెల్ల ఎలుగుబంటి. "ఇది మన దగ్గరికి వస్తే డెల్మర్ దానికీ వానపాములు అమ్ముతాడు." కార్లిస్ ముక్కు మీద కళ్ళద్దాలు జారేలా నవ్వింది. ఆ గదిలో ఆవిడ నవ్వడం ఎవరూ చూసి ఎరగరు.

అప్పుడు దొరికింది ఆ ఫోటో. చక్కటి చెక్క గుడిసె, పొగగొట్టంలోంచి సన్నగా పొగ, గుమ్మానికి ఆనించి ఆపిన ఎర్ర పికప్ బండి, వెనక నీలాకాశం. తీసినవాడు పేరు కూడా వెయ్యక్కర్లేదని రాశాడు. పైసా ఖర్చు లేదు. ఆర్డిస్‌కి అది చూడగానే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు లవాన్ కాఫీ హోటల్లో ఫోన్ చేతులు మారింది. డెల్మర్ కళ్ళు చికిలించి చూశాడు. "అక్కా, మన చెరువు పక్కన కొండ ఎప్పుడు మొలిచింది?"

అందరూ మూగారు. నిజమే, ఆకాశం కింద తెల్లటి కొండ. మా జిల్లా మొత్తం మీద ఎత్తైనది ధాన్యపు గిడ్డంగి. నవ్వలేక చచ్చారు. "వదినా, ఆ కొండ ఎక్కడానికి వేరే అద్దె తీసుకుంటావా?" అంది లవాన్ కాఫీ పోస్తూ. మూల బల్ల దగ్గర ముసలాయన ఒకడు అవి మన పైన్ చెట్లు కూడా కావన్నాడు. ఇంకొకడు పొగగొట్టం వంకరన్నాడు. ఊళ్ళో ఐసు సంగతి తెలిసిన ప్రతి మనిషీ ఆ ఫోటోని వేలితో పెద్దది చేసి చూశాడు. గుమ్మంలో నిలబడిన బండిని గురించి మాత్రం ఒక్కడూ నోరెత్తలేదు. ఎత్తడానికి వాళ్ళకేముంది? ఐసు మీద బండి అంటే మాకు గోడ మీద గడియారం లాంటిది. గుడిసె చుట్టూ మంచు ఎంత ఎత్తు పేరుకుందో చూస్తే అది ఫిబ్రవరి అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఆర్డిస్ లైబ్రరీకి వెళ్ళి కొండ కత్తిరించమంది. కార్లిస్ కత్తిరించింది. కొండ పోయేసరికి బండి ఇంకా పెద్దగా, ఇంకా ముందుకి వచ్చి నిలబడింది. ఆ వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి.

*

డిసెంబరు మొదట్లో ఒక శనివారం. బోర్డు మీద 'నడిచి రండి' అనే ఉంది. తేలికపాటి గుడిసెలు రెండు మాత్రం, పచ్చదీ నీలందీ, చేతులతో లాగి లోపలికి పెట్టింది. మధ్యాహ్నం దక్షిణాన, సరస్సులు ఇంతగా గడ్డకట్టని కాన్సస్ నుంచి తండ్రీకొడుకులు వస్తారని ఆర్డిస్ వంటింట్లో హాట్‌డిష్‌కి, అంటే మాంసం, బంగాళాదుంపలు కలిపి చేసే వంటకానికి, మాంసం వేయిస్తోంది. ఫోన్ మోగింది.

"క్వాలె గుడిసెలేనామ్మా? నేను గార్లండ్ ప్రూయిట్‌ని. మీ గుడిసెలు కనిపిస్తున్నాయి. మాది ఏది, పచ్చదా నీలందా?" గొంతులో హుషారు.

"వచ్చేశారా బాబూ? రేవు దగ్గర మీరు కనపడలేదే."

"మీ రేవు కాదు. మ్యాప్ మమ్మల్ని ఉత్తరం వైపు ఇంకో రేవుకి తీసుకొచ్చింది. ఫర్వాలేదులెండి, దగ్గరికొచ్చేశాం."

"దగ్గరికంటే? నడుస్తున్నారా?"

"అబ్బే, నాన్నకి మోకాళ్ళు పనిచెయ్యవు కదా. బండిలోనే."

గరిటె ఆవిడ చేతిలోంచి జారి పొయ్యి మీద పడింది. కిటికీలోంచి చూసింది. తెల్లటి సరస్సు మీద బూడిదరంగు బండి ఒకటి, పొద్దున ఎవడో మంచు మీద నడిచే స్నోమొబైల్ తోలిన జాడ పట్టుకుని, నింపాదిగా కదులుతోంది. పై ప్రాణాలు పైనే పోయాయి ఆవిడకి.

ఉత్తరపు రేవు దగ్గర వాగు వచ్చి కలుస్తుంది. అక్కడ ఐసు ఎప్పుడూ పలచనే. దాని మీదుగా ఎలా వచ్చారో దేవుడికే తెలియాలి. వెనక్కి తిరగమంటే మళ్ళీ అక్కడికే వెళ్తారు. ముందుకి రమ్మంటే గుడిసెలకి ఇవతల ఊట ఉన్న చోటు, అక్కడా ఐసు పలచనే. ఎటు చెప్పినా చావే. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది, పెంచితే వాడు బెదిరి బ్రేకు మీద కాలేస్తాడని.

"గార్లండ్, నే చెప్పేది విను. బండి మెల్లగా, చాలా మెల్లగా ఆపు. బెల్టులు తీసెయ్యండి. తలుపులు రెండూ తెరిచి పెట్టు."

"ఎందుకమ్మా? ఏమైంది?"

"బండికి జానెడు పైన ఐసు ఉండాలి. నీ కింద అందులో సగం లేదు. మనిషిని మోస్తుంది, బండిని మొయ్యదు."

అవతల చిన్న నవ్వు వినిపించింది, నమ్మలేని మనిషి నవ్వు. "అదేంటి మేడమ్? మీ సైట్‌లో బండి ఉందిగా. గుమ్మం దాకా వచ్చి ఆగినట్టుందిగా. అది చూసే కదా మీ చోటు పట్టుకున్నాను, నాన్న నడవక్కర్లేదని."

ఆ మాట చెవిన పడింది. దాని గురించి ఆలోచించే వ్యవధి లేదు. అప్పుడే ఫోన్‌లో ఇంకో చప్పుడు వినిపించింది, లోతుగా, సాగదీసినట్టు. ఐసు మూలుగు. అది వాడికీ వినిపించింది. ఈసారి వాడి గొంతులో హుషారు లేదు.

"అమ్మా... టైర్ల చుట్టూ నీళ్ళొస్తున్నాయి."

"దిగండి. ఇద్దరూ దిగండి. నేనొస్తున్నా."

చొక్కా మీదనే, నీళ్ళలో పడితే తేలే కోటు తగిలించుకుంది. మేకులు దిగ్గొట్టిన చెక్క పిడులు రెండు మెడలో వేసుకుంది. నీళ్ళలో పడితే ఐసుని గుచ్చి పైకి పాకడానికి అవే ఆధారం. గునపం, తాడు, సామాను లాగే ప్లాస్టిక్ తొట్టి పట్టుకుని పరిగెత్తుతూ దుకాణం వైపు అరిచింది. డెల్మర్ చేతిలో ఎరల డబ్బాతోనే బయటికొచ్చాడు, సరస్సు వైపు చూశాడు, డబ్బా కింద పడేశాడు.

"షెరీఫ్‌కి ఫోన్ చెయ్. రక్షణ పడవ పంపమను."

"అది టౌన్లో ఉంది అక్కా. వాళ్ళొచ్చేసరికి..."

"తెలుసురా! చెయ్యమంటున్నా."

ఫోన్ చేసి వెనకే పరిగెత్తుకొచ్చాడు. ఐసు మీద కాలు పెట్టబోతే ఆర్డిస్ గునపం అడ్డం పెట్టింది. "నువ్వు ఒడ్డునే ఉండు. నీ బరువుకి మూడో అడుగులోనే పోతావు. తాడు వదులుతూ ఉండు" అని ఒక కొస తన నడుముకి కట్టుకుని రెండోది వాడి చేతికిచ్చింది.

"తాడు అంత దూరం రాదే!"

"వచ్చినంత దూరం వస్తుంది."

"అక్కా, వద్దే" అన్నాడు డెల్మర్. ఊరందరినీ ఏడిపించే మనిషి, గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోయింది. "బావ ఎలాగూ లేడు. నువ్వు కూడా పోతే నాకెవరున్నారే?"

ఆవిడ ఐసు మీదికి దిగింది. నిలబడి జవాబు చెబితే ఆగిపోతానని తెలుసు.

ఒక పోటు, ఒక అడుగు. తాడు అయిపోగానే నడుము దగ్గర విప్పి కింద పడేసింది. ఊట ఉన్న చోటు కుడి వైపు వదిలి చుట్టూ తిరిగి వెళ్ళింది. పరిగెత్తాలని ఉంది, పరిగెత్తకూడదు. దగ్గరవుతున్న కొద్దీ బండి స్పష్టంగా కనిపించింది. అది నిలబడిన చోట ఐసు పళ్ళెంలా లోపలికి వంగి ఉంది. టైర్లు సగం నీళ్ళలో ఉన్నాయి. తెరిచిన తలుపులోంచి రేడియో పాట వినిపిస్తోంది.

కొడుకు నలభై ఏళ్ళవాడు, తండ్రి చంకల కింద చేతులు వేసి కిందికి దింపాలని చూస్తున్నాడు. తండ్రి తలుపు కమ్మీ పట్టుకుని వదలడం లేదు.

"నే దిగితే పడిపోతాను, నిన్నూ పడేస్తాను. నువ్వు పోరా!" అంటున్నాడు ముసలాయన.

"అంత దగ్గరికి నేను రాలేను, ముగ్గురి బరువు ఆగదు" అని ఆర్డిస్ దూరంలోనే ఆగింది. తొట్టిని ఐసు మీద జారుడుగా వాళ్ళ వైపు తోసింది. "గార్లండ్! అందులో కూర్చోబెట్టు మీ నాన్నని. దానికి కట్టిన తాడు పొడుగ్గా వదిలి లాగు, తొట్టికి దూరంగా నడువు. అయ్యా, మీ పేరేంటి?"

"లోవెల్."

"లోవెల్ గారూ, ఆ కమ్మీ వదలండి. మీరు వదలకపోతే మీ అబ్బాయి కదలడు. మీరు పోతే వాడూ పోతాడు. కళ్ళ ముందు చూస్తూనే ఉన్నారుగా?"

ముసలాయన ఆవిడ మొహం వైపు చూశాడు. కమ్మీ వదిలేశాడు. కొడుకు ఆయన్ని ఎత్తి తొట్టిలో వేశాడు, వెనక వైపు మొహం పెట్టి కూలబడ్డాడాయన. గార్లండ్ తాడు అందుకుని రెండడుగులు వేసి ఆగిపోయాడు. తిరిగి బండి వైపు చూశాడు.

"ఇంజను ఆన్‌లోనే ఉందమ్మా. ఒక్క నిమిషం, ఎక్కి రివర్సు చేస్తే..."

"ఒరేయ్ గాడిదా!" ఆవిడ ఇంతసేపూ అణచిపెట్టిన గొంతంతా బయటికొచ్చింది. "బండెక్కావంటే మీ నాన్నని ఇక్కడే కూర్చోబెట్టి నీ శవం చూపించాలి! నడువ్!"

వాడు నడిచాడు. ముందు ఆర్డిస్, గునపం పోట్లు వేస్తూ. ఆవిడ వేసిన జాడలోనే చాలా వెనకగా గార్లండ్. వాడి వెనక పొడుగు తాడు కొసన తొట్టిలో లోవెల్. ముందు నడిచే ఇద్దరికీ ఎదర ఒడ్డు తప్ప ఏమీ కనపడదు. వెనక ఏం జరుగుతోందో చూసేది ముసలాయన ఒక్కడే.

"ముందు చక్రాలు దిగాయి" అన్నాడు లోవెల్. కాసేపటికి, "ఆగకండి" అన్నాడు.

పెళపెళమంటూ పెద్ద చప్పుడైంది. కాళ్ళ కింద ఐసు ఒక్కసారి పైకి లేచి సర్దుకుంది. ఆర్డిస్ కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, మళ్ళీ పోటు వేసింది. గునపం దిగలేదు. ఇంకో అడుగు.

"పోయిందిరా" అన్నాడు లోవెల్ నెమ్మదిగా. "మొత్తం పోయింది. లైట్లు మాత్రం కింద వెలుగుతూనే ఉన్నాయి."

డెల్మర్ ఒడ్డు నుంచి పొట్ట మీద పాకుతూ తాడు కొస దాకా వచ్చేశాడు. వద్దన్నా వచ్చాడు. ఆర్డిస్ ఆ తాడు అందుకుని తొట్టికి ముడి వేసింది. అందరూ గట్టు మీదికి చేరాక డెల్మర్ అక్కని గట్టిగా పట్టుకుని మంచులో అలాగే కూర్చుండిపోయాడు.

*

షెరీఫ్ మనుషులు వచ్చారు, దుప్పట్లు ఇచ్చారు, ప్రశ్నలు అడిగి వెళ్ళారు. వంటింట్లో మాంసం మాడిపోయింది. ఆర్డిస్ కాఫీ కలిపి తెచ్చింది. లోవెల్ రెండు చేతులతో కప్పు పట్టుకుని, "అమ్మాయ్, నా జన్మలో చేప పట్టకపోయినా ఫర్వాలేదు" అన్నాడు. నవ్వబోయి ఏడ్చేశాడు. గార్లండ్ మాత్రం కప్పు ముట్టుకోలేదు. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద ఆవిడ ముందు పెట్టాడు.

"నేను మూర్ఖుణ్ణి కాదమ్మా. చూడండి."

ఎర్ర బండి, గుడిసె గుమ్మంలో, నిశ్చింతగా. పైన పెద్ద అక్షరాలతో ఆవిడ ఇంటిపేరు. ఆవిడ ఆ ఫోటోని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఒక పరాయివాడి పక్కన కూర్చుని, వాడి కళ్ళతో చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

"ఇది ఫిబ్రవరిలో తీసింది" అంది.

"అది నాకెలా తెలుస్తుంది?"

"తెలియదు." ఆవిడ ఆ ఫోన్‌ని బల్ల మీద బోర్లా తిప్పింది. "నీకు తెలియదు బాబూ. నాకు తెలుసు. రేవులో 'నడిచి రండి' అని బోర్డు కట్టిన చేత్తోనే ఊరూ పేరూ తెలియనివాళ్ళు చూసే సైట్‌లో మాత్రం 'బండేసుకు రండి' అని పిలిచాను. మిమ్మల్నిద్దర్నీ నేనే చంపబోయాను." అని ముసలాయన మోకాళ్ళ మీది దుప్పటి సర్దుతూ ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా జనం ముందు ఏడవని మనిషి.

కార్లిస్‌కి ఇంటికి ఫోన్ చేసి ఆ ఫోటో అప్పటికప్పుడు తీయించేసింది.

రెండు రోజులకి లవాన్ హోటల్లో అడుగుపెడితే అందరూ లేచి కుర్చీ వేశారు. "కాన్సస్ వెధవ, వాడికి బుద్ధి లేకపోతే నువ్వేం చేస్తావు వదినా?" అంది లవాన్. "డిసెంబర్లో బండి దింపుతాడా ఎవడైనా?" అన్నాడు మూల బల్ల ముసలాయన. మిగతావాళ్ళు తలలూపారు.

ఆర్డిస్ కూర్చోలేదు. "ఆ ఫోటో మీరంతా చూశారు. కొండ చూశారు, చెట్లు చూశారు, పొగగొట్టం వంకర కూడా చూశారు. బండిని చూశారా ఒక్కరైనా? నేను చూశానా?" అంది. "వాణ్ణి వెధవ అన్నవాళ్ళెవరైనా ఇంకోసారి నా గుమ్మం తొక్కకండి." కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. ఆ పూట ఎవరూ జోకులు వెయ్యలేదు, డెల్మర్ కూడా.

సైట్‌లో ఫోటో చోటు ఖాళీగా ఉండిపోయింది. ఫోన్లు ఆగిపోయాయి. లైబ్రరీలో మళ్ళీ వెతికారు. ఊరికే దొరికేవీ చూశారు, కొనుక్కునేవీ చూశారు. మోడళ్ళున్నారు, ఎలుగుబంట్లున్నాయి, ఎక్కడ చూసినా బండ్లున్నాయి. కొత్త ఐసు మీద గునపంతో పొడుచుకుంటూ నడిచే మనిషి మాత్రం ఎక్కడా దొరకలేదు. అంత బూడిదరంగు రోజున, అంత భయంభయంగా వెళ్ళే పనిని ఫోటో తియ్యాలని ఎవరికి తోస్తుంది?

"నిజం చెప్పండి. మీ దగ్గర లేవా?" అంది కార్లిస్. ఈసారి కస్సుమనలేదు.

ఇంటికొచ్చి ఆర్డిస్ కోటు కూడా విప్పకుండా సొరుగు ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. తరువాత తెరిచింది. ఏ ఫోటో కావాలో ఆవిడకి ముందే తెలుసు. అడుగున ఉంది.

ఒక నవంబరులో తానే తీసిన ఫోటో. మసక వెలుతురు, అద్దంలాంటి నల్లటి ఐసు, గుడిసె లేదు, బండి లేదు. వెర్లిన్ ఒక్కడే, చేతిలో గునపం, నడుముకి తాడు. వెనక్కి తిరిగి నోరు తెరిచి అరుస్తున్నాడు. ఏమని అరిచాడో ఆవిడకి గుర్తుంది. "ఫోటో తరువాత తీద్దువుగాని, ముందు తాడు పట్టుకోవే!" తాడు ఆయన నడుము నుంచి ఐసు మీదుగా సాగి ఫోటో అడుగు అంచు దాకా వచ్చి, అక్కడ కనపడకుండా పోయింది. ఆర్డిస్ దాన్ని గుండెకి అదుముకుని వంటింటి నేల మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది.

మర్నాడు కార్లిస్ ఆ ఫోటోని మొదటి పేజీ నిండా పెట్టింది. ఏమీ కత్తిరించలేదు. కింద ఆర్డిస్ చెప్పిన మాట వేసింది: 'ఇప్పుడు మా ఐసు ఇలా ఉంది. నడిచి రండి. బండ్లు ఎప్పుడు రావచ్చో నేను చెబుతాను.' నడవలేనివాళ్ళుంటే ముందే ఫోన్ చెయ్యమనీ, తొట్టిలో కూర్చోబెట్టి తానే లాక్కెళ్తాననీ కూడా వేయించింది.

"ఇలా భయపెడితే ఎవడొస్తాడే?" అన్నాడు డెల్మర్ ఫోన్‌లో ఆ ఫోటో చూస్తూ. బావ మొహం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. "రాకపోతే రాకపోనీలే" అన్నాడు చివరికి.

కొన్నాళ్ళ దాకా ఎవరూ రాలేదు. ఆర్డిస్ రోజూ పొద్దున గునపం తీసుకుని దిగేది, బోర్డు చూసుకునేది, వెనక్కొచ్చేది. ఒక పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. అయోవా నుంచి ఎవరో ఆడమనిషి. పిల్లలతో వద్దామనుకుంటున్నాం, ఎప్పుడూ ఐసు ఎక్కలేదు, భయంగా ఉంది అంది.

"భయం ఉంటే మంచిదేనమ్మా" అంది ఆర్డిస్.

"మమ్మల్ని దగ్గరుండి తీసుకెళ్తారా? ఆ ఫోటోలో తాడు కట్టుకున్నాయన ఉంటారా?"

ఆర్డిస్ కిటికీలోంచి సరస్సు వైపు చూసింది.

"ఆయన లేడమ్మా, పోయాడు. తాడు ఇవతలి కొస పట్టుకుంది నేను. నేనుంటాను, రండి."